విప్పే ముందు వినాలి: ఆగిపోయిన మినీ ట్రాక్టర్‌కు వైద్యం

మార్కాపురం నుంచి కంభం మీదుగా గిద్దలూరు పోయే దారిలో ఏ ఊళ్లో దిగినా, ఏదో ఒక కొట్టం పక్కన, వేపచెట్టు కింద ఒక చిన్న ట్రాక్టర్ కదలకుండా నిలబడి కనిపిస్తుంది. టైర్లలో గాలి ఉండదు. సీటు మీద కోళ్లు పడుకుంటాయి. దాని కథ కూడా ఇంచుమించు అన్ని ఊళ్లలో ఒకటే. బత్తాయి తోటలో దున్నడానికి కొన్నారు. బోరు ఎండింది, తోట ఎండింది, ట్రాక్టర్‌కు పని లేకుండా పోయింది. కొన్నేళ్లకు ఒక మంచి వాన పడి, కంది వేయడానికి పదును కుదిరినప్పుడు అందరికీ అది గుర్తొస్తుంది. తాళం తిప్పుతారు. అది లేవదు.

"ఇంజన్ పోయింది, పని చేయించాలి" అని ఎవరో ఒకరు తేల్చేస్తారు. ఆ మాట తర్వాత రైతుకు మిగిలేవి రెండు దారులు. అప్పు చేసి ఇంజన్ విప్పించడం, లేదా పాత ఇనుము ధరకు అమ్మేయడం. ఎర్ర నేలలో పదును కొద్ది రోజులే నిలుస్తుంది కాబట్టి ఆలోచించుకునే టైమ్ కూడా ఉండదు.

మిత్రులారా, ఈ వ్యాసంలో నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. చాలాకాలం ఆగిపోయిన బండి లేవకపోతే, ఇంజన్ చెడిపోయిందనే మాట చివరి అనుమానం కావాలి, మొదటిది కాకూడదు. డబ్బు ఖర్చు లేని పరీక్షలు ముందు, ఖర్చయ్యేవి తర్వాత. ఈ వరస తెలిస్తే చాలా బండ్లు హెడ్ విప్పకుండానే లేస్తాయి. మెకానికల్ వాళ్లకు ఇది ఐసీ ఇంజన్స్ పాఠం. మిగతా బ్రాంచీల వాళ్లు భయపడొద్దు, ఫార్ములా ఒక్కటే ఉంది.

ఏ బండ్ల గురించి?

గార్డెన్ ట్రాక్టర్ అంటే అమెరికా, ఐరోపాల్లో ఇంటి ముందు గడ్డి కోసే చిన్న బండి, ఎక్కువగా పెట్రోలుది. మన తోటల్లో ఆ చోటు పవర్ టిల్లర్‌ది, మినీ ట్రాక్టర్‌ది. రెండూ డీజిల్ బండ్లే. బత్తాయి, నిమ్మ చెట్ల కొమ్మలు కిందికి వంగి ఉంటాయి, సాళ్ల మధ్య పెద్ద ట్రాక్టర్ తిరగలేదు. అందుకే వీటి అవసరం వచ్చింది.

1967లో బెంగళూరులో మొదలైన వీఎస్‌టీ కంపెనీ జపాన్ మిత్సుబిషి సాయంతో టిల్లర్లు, తర్వాత చిన్న ట్రాక్టర్లు చేసింది. 1971లో హెచ్‌ఎంటీ సంస్థ పింజోర్‌లో చెకొస్లవేకియా జెటార్ నమూనాతో 25 హార్స్‌పవర్ ట్రాక్టర్ మొదలుపెట్టింది. దుర్గాపూర్‌లోని సీఎంఈఆర్ఐ పరిశోధనశాలలో మన ఇంజనీర్లే రూపొందించిన స్వరాజ్ 1974లో మార్కెట్లోకి వచ్చింది. ఇవాళ హెచ్‌ఎంటీ ట్రాక్టర్ల తయారీ లేదు. ఆ విభాగాన్ని మూసేయాలని 2016లో కేంద్ర ప్రభుత్వం నిర్ణయించింది. కంపెనీ మూతపడ్డా బండ్లు మాత్రం ఊళ్లలోనే ఉన్నాయి. కాబట్టి వాటిని బతికించే చదువు కూడా ఊళ్లలోనే ఉండాలి.

ఇంజన్ అడిగేవి మూడు

డీజిల్ ఇంజన్‌కు స్పార్క్ ప్లగ్ ఉండదు. గాలిని గట్టిగా నొక్కితే వేడెక్కుతుంది, ఆ వేడిలోకి డీజిల్ చిమ్మితే అదే అంటుకుంటుంది. థర్మోడైనమిక్స్‌లో చదివిన అడయాబాటిక్ లెక్క వేద్దాం. మొదటి ఉష్ణోగ్రత 300 కెల్విన్, కంప్రెషన్ రేషియో 20 అనుకోండి. 20ని 0.4 ఘాతానికి ఎత్తితే సుమారు 3.3. అంటే గాలి దాదాపు 990 కెల్విన్‌కు, 720 డిగ్రీల సెల్సియస్‌కు చేరాలి. అసలు ఇంజన్‌లో సిలిండర్ గోడలు కొంత వేడిని లాగేస్తాయి, రింగుల సందుల్లోంచి కొంత గాలి జారిపోతుంది, కాబట్టి అంత రాదు. అయినా డీజిల్ తనంత తాను అంటుకోవడానికి 250 డిగ్రీల లోపు వేడి చాలు కాబట్టి మంచి ఇంజన్‌లో ఇబ్బంది ఉండదు.

ఇప్పుడు ఇంజన్ నెమ్మదిగా తిరిగితే ఏమవుతుంది? గోడలకు వేడి పోవడానికి, గాలి కారిపోవడానికి ఎక్కువ టైమ్ దొరుకుతుంది. రింగులు బాగానే ఉన్నా అరిగిపోయిన ఇంజన్ లాగే ప్రవర్తిస్తుంది. బ్యాటరీ వైరు తుప్పును చూసి "బోరు పోయింది" అనేది ఇక్కడే.

కాబట్టి అడగాల్సిన ప్రశ్నలు మూడు. తగినంత వేగంగా తిరుగుతోందా? డీజిల్ అందుతోందా? గాలి నిలుస్తోందా, అంటే కంప్రెషన్ ఉందా? ఇదే వరసలో అడగాలి. మొదటిదానికి మల్టీమీటర్ చాలు. రెండోదానికి రెండు పానాలు, ఒక సీసా. మూడోదానికే డబ్బు.

తాళం తిప్పకముందు

ఏళ్ల తరబడి ఆగిన బండికి నేరుగా సెల్ఫ్ కొట్టొద్దు. ముందు ఆయిల్ పుల్ల తీసి చూడండి. ఆయిల్ మజ్జిగలా తెల్లగా ఉంటే నీళ్లు కలిశాయి. గుర్తును దాటి పైకి ఉంటే డీజిలో నీళ్లో దిగాయి. ఎయిర్ క్లీనర్ విప్పితే ఎలుక గూడు కనిపించినా ఆశ్చర్యపోవద్దు. ట్యాంకు అడుగు ప్లగ్గు తీసి పాత డీజిల్ మొత్తం వదిలేయండి. అడుగున నీళ్లు, నల్లటి జిడ్డు వస్తాయి.

తర్వాత న్యూట్రల్‌లో పెట్టి, క్రాంకు పుల్లీ బోల్టుకు పానా వేసి చేత్తో తిప్పండి. రెండు పూర్తి చుట్లు తిరగాలి. బిగుసుకుపోతే పానాకు పైపు తొడిగి బలం చేయొద్దు. నాజిళ్లు తీసి ఒక్కో సిలిండర్‌లో కొద్దిగా పల్చటి ఆయిల్ పోసి ఒకటి రెండు రోజులు వదిలేసి, మళ్లీ మెల్లగా ప్రయత్నించాలి. నాజిళ్లు బిగించే ముందు ఆ ఆయిల్‌ను బయటికి తిప్పేయాలి. పిస్టన్ పైన మిగిలే చోటు చాలా తక్కువ, ద్రవం నొక్కుడుపడదు, కనెక్టింగ్ రాడ్డే వంగుతుంది.

ఇంకో ప్రమాదం ఉంది. దీన్ని మాత్రం అందరూ గుర్తుపెట్టుకోండి. పంపులో డీజిల్ కొలత సరిచేసే భాగం ఫుల్ దగ్గర బిగుసుకుపోయి ఉంటే, ఇంజన్ లేచీ లేవగానే ఆగకుండా రేసైపోతుంది. తాళం తీసినా ఆగదు. అందుకే స్టాప్ లివర్ స్వేచ్ఛగా కదులుతోందో లేదో ముందే చూసుకోవాలి. గాలి లోపలికి పోయే మూతిని పూర్తిగా మూసేంత చదునైన చెక్క ఒకటి పక్కన పెట్టుకోవాలి. గాలి ఆగితే ఇంజన్ ఆగుతుంది. చెయ్యి మాత్రం అడ్డం పెట్టకూడదు.

మొదటి ప్రశ్న: తిరుగుతోందా?

నిలకడగా ఉన్న మంచి బ్యాటరీ 12.6 ఓల్టులు చూపిస్తుంది. 12.0 చూపిస్తే ముప్పాతిక భాగం ఖాళీ. సెల్ఫ్ తిరిగేటప్పుడు 9.6 కిందికి పడిపోతే బ్యాటరీని అనుమానించాలి. ఇక్కడిదాకా అందరూ చేస్తారు. వైర్లను మాత్రం ఎవరూ కొలవరు.

సెల్ఫ్ మోటార్ 200 ఆంపియర్లు లాగుతోందనుకోండి. దారిలో ఎక్కడో తుప్పు వల్ల ఓమ్‌లో నూరోవంతు నిరోధం ఉన్నా ఓమ్ సూత్రం ప్రకారం 2 ఓల్టులు అక్కడే కాలిపోతాయి. మల్టీమీటర్‌తో ఓమ్‌లలో కొలిస్తే అంత చిన్న నిరోధం కనపడదు. కరెంటు పారుతున్నప్పుడు ఓల్టులుగానే కొలవాలి. స్టాప్ లివర్ లాగి పట్టుకుని ఒకరు సెల్ఫ్ కొట్టాలి. మీటరు ఒక మొన బ్యాటరీ నెగెటివ్ స్తంభం మీద, రెండోది ఇంజన్ బ్లాకు మీద ఉంచాలి. అర ఓల్టు దాటితే ఎర్త్ దారిలో జబ్బు. అలాగే పాజిటివ్ స్తంభం నుంచి సెల్ఫ్ టెర్మినల్ వరకు. ఈ పరీక్షకు ఖర్చు సున్నా, పట్టే టైమ్ అయిదు నిమిషాలు.

రెండో ప్రశ్న: డీజిల్ అందుతోందా?

దీనికి సైలెన్సర్ సమాధానం చెబుతుంది. ఇంజన్ చురుగ్గా తిరుగుతున్నా పొగ అస్సలు రాకపోతే డీజిల్ సిలిండర్‌కు చేరడం లేదు. తెల్ల పొగ వస్తే డీజిల్ చేరుతోంది గాని అంటుకోవడం లేదు. చలి, తక్కువ కంప్రెషన్, టైమింగ్ తేడా, పని చేయని హీటర్ ప్లగ్గు, వీటిలో ఏదైనా కావచ్చు. నల్ల పొగ వస్తే గాలికి మించి డీజిల్ పోతోంది. ముందు ఎయిర్ క్లీనర్ చూడండి. నీలం పొగ వస్తే ఇంజన్ ఆయిల్ కాలుతోంది.

పొగ లేనప్పుడు మొదటి పని గాలి తీయడం. పంపుకు ముందు ఫిల్టర్ మీద ఉన్న స్క్రూ వదులు చేసి, చేతి ప్రైమర్ కొడుతూ, నురగ పోయి నిండు డీజిల్ వచ్చేదాకా ఆగి బిగించాలి. తర్వాత పంపు మీది స్క్రూ. చివరగా నాజిల్ పైపు నట్లను ఒక చుట్టు వదులు చేసి సెల్ఫ్ కొట్టాలి. అక్కడ డీజిల్ ఉబికి కారితే బిగించేయాలి. నాజిల్ దగ్గర డీజిల్ దాదాపు 200 బార్ ఒత్తిడితో చిమ్ముతుంది. ఆ తుంపర చర్మంలోకి సూదిలా దిగుతుంది. గాయం చిన్నదిగా కనిపిస్తుంది కానీ వేలు తీసేయాల్సిన పరిస్థితి కూడా వస్తుంది. కాబట్టి ఏ పైపు కారుతోందో వేలితో తడిమి చూడొద్దు, అట్టముక్క వాడండి.

ఎంతసేపు కొట్టినా నురగే వస్తోందంటే ఎక్కడో గాలి పీలుస్తోంది. ఇది కొత్తవాళ్లను బాగా తికమక పెడుతుంది, ఎందుకంటే పీల్చే వైపు పైపులో సన్నటి పగులు ఉంటే బయటికి డీజిల్ కారదు, లోపలికి గాలి మాత్రం పోతుంది. అక్కడ మేస్త్రీలు చేసే సీసా పరీక్ష గొప్పది. ఒక శుభ్రమైన సీసాలో వడగట్టిన డీజిల్ పోసి, పంపు కంటే ఎత్తులో వేలాడదీసి, కొత్త పైపుతో నేరుగా పంపు మూతికి కలపాలి. ఇప్పుడు నురగ ఆగితే పంపు మంచిదే; జబ్బు ట్యాంకుకు, పంపుకు మధ్య ఉంది. పంపు విప్పి కాలిబ్రేషన్ కోసం నంద్యాలకో ఒంగోలుకో మోసుకెళ్లే ముందు ఈ పరీక్ష చేయాలి.

జాయింట్లలోని రాగి వాషర్లు బిగించిన కొద్దీ గట్టిపడి సరిగా అతకవు. వాటిని ఎర్రగా కాల్చి నీళ్లలో ముంచితే మళ్లీ మెత్తబడతాయి. ఉక్కును అలా చేస్తే గట్టిపడుతుంది, రాగి మెత్తబడుతుంది. మెటలర్జీ ల్యాబ్‌లో చదివిన అనీలింగ్ ఇదే.

మూడో ప్రశ్న: గాలి నిలుస్తోందా?

ముందు వాల్వ్ సందులు చూడండి. సందు లేకుండా వాల్వ్ పూర్తిగా మూసుకోకపోతే రింగులు ఎంత కొత్తవైనా కంప్రెషన్ నిలవదు. ఫీలర్ గేజీతో, మాన్యువల్‌లో చెప్పిన కొలతకు సరిచేయాలి. తర్వాత కంప్రెషన్ గేజీ. పెట్రోలు బండ్ల గేజీ పనికిరాదు, ఇక్కడ మంచి సిలిండర్ 25 నుంచి 30 బార్ దాకా చూపిస్తుంది. ఒక సిలిండర్ తక్కువ చూపిస్తే ఒక టీ చెంచాడు ఆయిల్ వేసి మళ్లీ కొలవాలి. అంకె పెరిగితే రింగులు, సిలిండర్ గోడ అరిగాయి. పెరగకపోతే వాల్వులు, హెడ్ గ్యాస్కెట్ వైపు చూడాలి. ఇంజన్ విప్పాలా వద్దా అనే నిర్ణయం ఇక్కడికి వచ్చాకే.

మన నేల పెట్టే రెండు జబ్బులు

పశ్చిమ ప్రకాశం బండ్లకు రెండు సొంత జబ్బులున్నాయి. మొదటిది దుమ్ము. మార్కాపురం పలకలకు పేరు పొందిన ఊరు. పలక రాయిలో క్వార్ట్జ్ ఉంటుంది. కోత పనివాళ్ల ఊపిరితిత్తులను పాడుచేసే ఆ దుమ్మే ఇంజన్ లోపలికి పోతే రింగులకు గరుకు కాగితంలా పనిచేస్తుంది. పలక గనులకు దూరంగా ఉన్న ఊళ్లలో కూడా ఎండిన దుక్కి లేపే ధూళిలో ఇసుక ఉండనే ఉంది. పాత బండ్లలో ఆయిల్ బాత్ ఎయిర్ క్లీనర్ ఉంటుంది. దాని గిన్నెలో ఆయిల్ గుర్తు దాకానే ఉండాలి. తక్కువైతే దుమ్ము ఆగదు. ఎక్కువైతే ఆ ఆయిల్‌నే ఇంజన్ పీల్చి రేసైపోవచ్చు. దున్నకం రోజుల్లో గిన్నె ప్రతిరోజూ చూసుకోవాలి. ఎయిర్ క్లీనర్ నుంచి ఇంజన్‌కు పోయే రబ్బరు గొట్టం పగిలితే ఎంత మంచి క్లీనర్ ఉన్నా వృథా.

రెండోది నీళ్లు. మన బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఉందని అందరికీ తెలుసు. మనుషుల ఎముకలను పీడించేది అది. రేడియేటర్‌ను పీడించేది వేరు, నీటి కాఠిన్యం. నీళ్లు వేడెక్కినప్పుడు కాల్షియం, మెగ్నీషియం లవణాలు గోడలకు తెల్లటి పెచ్చుగా అంటుకుంటాయి. పోత ఇనుము ఉష్ణవాహకత మీటరుకు దాదాపు 50 వాట్లు, ఆ పెచ్చుది ఒకటి రెండు మాత్రమే. అంటే ఒక్క మిల్లీమీటరు పెచ్చు, కనీసం 25 మిల్లీమీటర్ల మందం అదనపు ఇనుము పెట్టినట్టు వేడిని అడ్డుకుంటుంది. పైకి చూస్తే రేడియేటర్ నిండుగానే ఉంటుంది, ముల్లు మాత్రం ఎరుపులోకి పోతుంది. బోరు నీళ్లు మానేసి, శుభ్రంగా పట్టిన వాన నీళ్లు లేదా డిస్టిల్డ్ నీళ్లలో కూలెంట్ కలిపి పోయడమే మందు. కాగుతున్న ఇంజన్‌లో చన్నీళ్లు పోస్తే హెడ్ పగలొచ్చు.

కొమరోలు దగ్గర ఒక బండి

ఈ వరస పుస్తకంలో చదివినంత తేలిగ్గా నడుస్తుందా? కొమరోలు మండలంలో మా మేనత్త వాళ్ల మినీ ట్రాక్టర్ మీద జరిగింది చెబుతాను. నాలుగేళ్లు ఆగిన బండి అది. చూసిన ఒకాయన ఇంజన్ మొత్తం పని చేయాలన్నాడు. డబ్బుకోసం అత్త పాడి గేదెను అమ్మడానికి బేరం కూడా పెట్టింది. "అది ఆడుతుందా ఆడదా, ఆ ఒక్కటి చెప్పండి నాయనా. గేదెను అమ్మినాక చెబితే ఏం లాభం?" అంది.

ఊళ్లో ఉన్న ముసలి మేస్త్రీ, నేను కూర్చున్నాం. చేత్తో తిప్పితే ఇంజన్ తిరిగింది. స్టాప్ లివర్ కదిలింది. కొత్తగా చార్జి చేసిన బ్యాటరీ 12.5 చూపించింది. సెల్ఫ్ కొడితే బ్యాటరీ దగ్గర 11.1, సెల్ఫ్ దగ్గర 8.6. మధ్యలో 2.5 ఓల్టులు మాయం! అందులో 2.1 ఎర్త్ వైపే. ఎర్త్ పట్టీ బోల్టు కింద ఎవరో వేసిన రంగు, దాని కింద తుప్పు. గీకి బిగించాక ఆ 2.1 కాస్తా 0.2 అయింది, ఇంజన్ గిర్రున తిరిగింది. కానీ సైలెన్సర్‌లో పొగ లేదు.

గాలి తీయడం మొదలుపెట్టాం. నురగ ఆగలేదు. నేను పంపు వైపు చూశాను. మేస్త్రీ నవ్వి, "దాన్ని ముట్టుకోమాక అబ్బాయ్, సీసా తీసుకురా పో" అన్నాడు. సీసా కట్టిన నిమిషంలో నురగ పోయింది. ట్యాంకు నుంచి వచ్చే రబ్బరు పైపు, క్లిప్పు కింద వెంట్రుకంత పగిలింది. పైపు, రెండు వాషర్లు మార్చాం. ముందు తెల్ల పొగ, రెండు దగ్గులు, తర్వాత ఇంజన్ అందుకుంది.

కథ అక్కడితో అయిపోలేదు. అరగంట దున్నేసరికి ముల్లు పైకి పోయింది. చల్లారాక రేడియేటర్ దించితే అడుగున సున్నం పెచ్చులు. అది బాగుచేయించడానికి ఇంకో రోజు పట్టింది. ఇప్పటికీ సైలెన్సర్‌లో సన్నటి నీలం పొగ ఉంది, అంటే రింగులు కొంత అరిగిన మాట నిజమే. మరి ఇంజన్ పని ఎప్పుడు? దానికి మేస్త్రీ చెప్పిన లెక్క బాగుంది. పది గంటలు నడిపినప్పుడల్లా పుల్ల చూసి, ఎంత ఆయిల్ పోశామో రాసుకోవడం. అంకె నిలకడగా ఉంటే నడుపుకోవడం, పెరుగుతూ పోతే పంట డబ్బులు వచ్చాక విప్పడం. ఆ ఏడు కంది పదునులోనే పడింది. గేదె కొట్టంలోనే ఉంది. మొత్తం ఖర్చు, ఇంజన్ పనికి చెప్పిన దాంట్లో పదో వంతు కూడా కాలేదు.

ప్రతి బండీ ఇలాగే లేస్తుందని నేను అనడం లేదు. కంప్రెషన్ పోయిన ఇంజన్‌ను విప్పక తప్పదు. కానీ అప్పుడు కూడా ఎందుకు విప్పుతున్నామో అంకెతో చెప్పగలగాలి.

దొరకని సామాన్ల సంగతి

పాత బండికి సామాన్లు దొరకవనే భయం సగమే నిజం. బేరింగులు, ఆయిల్ సీళ్లు, బెల్టులు ప్రపంచమంతా ఒకే కొలతల్లో వస్తాయి. బేరింగు అంచు మీద 6205 అని ఉంటే, చివరి రెండంకెలను 5తో గుణించండి, లోపలి వ్యాసం 25 మిల్లీమీటర్లు. బయటి వ్యాసం 52, వెడల్పు 15. బండి కంపెనీ పేరుతో పనే లేదు. అంకె చెరిగిపోతే వెర్నియర్‌తో కొలవండి. ఆయిల్ సీలుకు కూడా అంతే: లోపలి వ్యాసం, బయటి వ్యాసం, మందం. మొదటి సంవత్సరం వర్క్‌షాప్‌లో విసుగ్గా నేర్చుకున్న వెర్నియర్ ఇక్కడ అక్కరకొస్తుంది.

రంగు మాత్రం అన్నిటికంటే చివర వేయండి. కొత్త రంగు కింద కారే జాయింట్లు, పగుళ్లు దాక్కుంటాయి. ఎర్త్ బోల్టు కింద రంగు ఏం చేస్తుందో పైన చూశాం కదా. ముందు బండి పది గంటలు పొలంలో నడవాలి, ఆ తర్వాతే అందం.

సెలవులకు ఊరెళ్లేటప్పుడు ఒక మల్టీమీటర్, ఒక ఫీలర్ గేజీ, ఒక వెర్నియర్, ఒక నోటుపుస్తకం బ్యాగులో వేసుకోండి. నాలుగూ కలిపినా పెద్ద బరువు కాదు. పుస్తకంలో తేదీ, బండి, చేసిన పరీక్ష, వచ్చిన అంకె రాయండి. మీ ఊరి మేస్త్రీ పక్కన కూర్చుని రాస్తే ఇంకా మంచిది. ఆయన చెవికి వినిపించేది, మీ మీటరుకు కనిపించేది ఒకే పేజీలో పడతాయి. వచ్చే సెమిస్టర్‌లో ఆ పుస్తకాలు తెచ్చుకుని క్లబ్‌లో కూర్చుందాం. ఎవరి ఊళ్లో ఏ బండి ఎందుకు ఆగిందో, ఎలా లేచిందో వచ్చే సంచికలో మీరు రాయండి.